నోటి ఫంగస్‌పై వెలుగు వైద్యం: ఖైరతాబాద్ చుట్టుపక్కల నుంచి కొన్ని విశేషాలు

ఖైరతాబాద్ చౌరస్తా నుంచి పంజగుట్ట వైపు వెళితే నిమ్స్. లక్డీకాపూల్ వైపు తిరిగి రెడ్‌హిల్స్ చేరితే నిలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఆ దగ్గర్లోనే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. నాంపల్లి, ఆబిడ్స్ దాటి ముందుకెళితే కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి, ఇంకాస్త అవతల అఫ్జల్‌గంజ్‌లో 1959లో మొదలైన ప్రభుత్వ దంత వైద్య కళాశాల. ఈ దారిలో ఉన్న ప్రతి ఆసుపత్రి మెట్లూ ఎక్కే జబ్బు ఒకటుంది. నెలల పసికందు నాలుక మీదా, కట్టుడు పళ్ళు పెట్టుకున్న తాతగారి అంగిలి మీదా, రేడియేషన్ తీసుకుంటున్న మనిషి బుగ్గల లోపలా కనిపిస్తుంది. దాన్ని కలిగించే ఫంగస్ పేరు క్యాండిడా ఆల్బికన్స్.

ఇది బయటి నుంచి దండెత్తి వచ్చేది కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో చాలామంది నోళ్ళలో ఎప్పుడూ ఉంటుంది. ఒంట్లో రక్షణ తగ్గినప్పుడు, నోరు ఎండిపోయినప్పుడు, షుగరు పెరిగినప్పుడు తెల్లని పూతగా పైకి తేలుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో మొట్టమొదటిసారి ప్రమాదకరమైన ఫంగస్‌ల జాబితా విడుదల చేసింది. అందులో అత్యంత కీలకమైన వరుసలో పెట్టినవి నాలుగే. వాటిలో క్యాండిడా ఆల్బికన్స్ ఒకటి.

మందు వాడితే తగ్గి, ఆపితే మళ్ళీ వచ్చే నోటి ఫంగస్‌కు లేజర్లు, రంగు దీపాలతో వైద్యం చేయవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ వెలుగు వైద్యం వెనక ఉన్న కథల్లో మనవాళ్ళ పేర్లు, మన ఊళ్ళ పేర్లు తగులుతుంటాయి.

బేగంపేటలో దోమ, మ్యూనిక్‌లో ఉరుములు

1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్ బేగంపేటలో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఇది బడి పిల్లలకు కూడా తెలిసిన సంగతే. ఆ చలికాలంలోనే జర్మనీలోని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే వైద్య విద్యార్థి మలేరియా మందుల పరిశోధనలో భాగంగా ఒక ప్రయోగం చేస్తున్నాడు. నీటిలో ఈదే పారమీషియం అనే సూక్ష్మజీవి మీద ఆక్రిడిన్ అనే రంగు పోసి, అది ఎంతసేపట్లో చస్తుందో లెక్క కట్టేవాడు. లెక్కలు ఒకదానితో ఒకటి కలవలేదు. అదే మోతాదు ఒకరోజు త్వరగా చంపేది, ఇంకోరోజు చాలాసేపు బతకనిచ్చేది. నిదానంగా ఆలోచిస్తే తేలిందేమిటంటే, సూక్ష్మజీవులు ఎక్కువసేపు బతికిన రోజున ఉరుములు మెరుపులతో ఆకాశం మబ్బేసి ఉంది. చంపుతున్నది రంగు ఒక్కటే కాదు, రంగు మీద పడిన వెలుగు. ఆ ఫలితాన్ని 1900లో ప్రచురించారు. రాబ్ గురువు హెర్మన్ ఫాన్ టాపైనర్ ఆ తర్వాత ఈ చర్యకు ఆక్సిజన్ కూడా కావాలని తేల్చాడు. ఈనాడు నోటి ఫంగస్ మీద చేస్తున్న ఫోటోడైనమిక్ చికిత్సకు మూలం ఇదే.

అంతకంటే ముందు నుంచీ వెలుగుతో వైద్యం చేస్తున్నవాడు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్. చర్మానికి వచ్చే క్షయను కేంద్రీకరించిన కాంతి కిరణాలతో నయం చేసినందుకు 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఒక రంగు, ఒక వెలుగు, కాస్త ఆక్సిజన్

ఫోటోడైనమిక్ చికిత్సలో పూత ఉన్న చోట ముందుగా ఒక రంగు ద్రవం రాస్తారు. ఫంగస్ కణాలు దాన్ని పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు ఆగుతారు. తర్వాత ఆ రంగుకు సరిపడే వెలుగును లేజర్‌తోనో ఎల్‌ఈడీ దీపంతోనో ప్రసరింపజేస్తారు. రంగు ఆ వెలుగు శక్తిని పీల్చుకుని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా రెచ్చిన ఆక్సిజన్‌ను సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. దాని ఆయుష్షు నీటిలో సెకనులో పది లక్షల వంతుల్లో కొన్ని వంతులు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో అది మిల్లీమీటరులో వెయ్యో వంతు దూరం కూడా వెళ్ళలేదు. కనుక రంగు ఎక్కడ అంటుకుందో అక్కడే దెబ్బ తగులుతుంది.

మామూలు ఫంగస్ మాత్ర కణంలో సాధారణంగా ఒక లక్ష్యం మీద పనిచేస్తుంది. క్యాండిడా ఆ ఒక్క లక్ష్యాన్ని మార్చుకుంటే మందు పని అయిపోయినట్టే. ఫ్లూకొనజోల్ మాత్రకు లొంగని ఫంగస్‌లు తయారయ్యే దారుల్లో అదొకటి. వెలుగు పుట్టించే ఆక్సిజన్ అలా కాదు. కణం పొర, లోపలి ప్రొటీన్లు, కొవ్వులు, అన్నింటినీ ఒకేసారి కాల్చేస్తుంది. తప్పించుకునే ఉపాయం దొరకడం ఫంగస్‌కు చాలా కష్టం. ఈ వైద్యం మీద నాకు నమ్మకం కలిగించింది ఈ గుణమే.

ఒక ఇబ్బందీ ఉంది. క్యాండిడా కణం బ్యాక్టీరియా కంటే చాలా పెద్దది, లోపల కేంద్రకం కూడా ఉంటుంది. బ్యాక్టీరియాను చంపడానికి సరిపోయే మోతాదు దీనికి చాలదు. అది జిగురు పొర కట్టుకుని గుంపుగా ఉన్నప్పుడు రంగు లోపలికి దిగడం ఇంకా కష్టం.

బట్టల రంగుల నుంచి నోటిలోకి

ఈ చికిత్సలో ఎక్కువగా వాడే రంగుల్లో మిథిలీన్ బ్లూ ఒకటి. 1876లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త హైన్రిక్ కారో దీన్ని బట్టల అద్దకం కోసం తయారుచేశాడు. 1891లో పాల్ ఎర్లిక్ దీన్నే మలేరియా రోగులకు ఇచ్చి చూశాడు. అంటే బేగంపేటలో రాస్ ఆ క్రిమి దారి కనిపెట్టడానికి ఆరేళ్ళ ముందే దాని మీద ఈ నీలిరంగు ప్రయోగం జరిగిపోయింది. మిథిలీన్ బ్లూకు సరిపడేది 660 నానోమీటర్ల దగ్గరి ఎర్రని వెలుగు. ఎర్ర వెలుగు కణజాలంలోకి కొన్ని మిల్లీమీటర్లు దిగుతుంది. ఫంగస్ ఎక్కువగా పైపొరలోనే ఉంటుంది కనుక అది చాలు.

పాతతరం వాళ్ళకు పసిపిల్లల నోట్లో పూసే ఊదారంగు మందు గుర్తుండే ఉంటుంది. అది జెన్షియన్ వయొలెట్, అదీ ఒక అద్దకపు రంగే. పెదవులు, గడ్డం, చొక్కా అన్నీ ఊదాగా మారేవి.

నిజామాబాద్ పసుపు, దంత వైద్యుడి నీలి దీపం

పసుపుకు ఆ రంగునిచ్చేది కుర్కుమిన్. దాన్ని 1815లోనే విడదీశారు. పసుపు కొమ్ములో అది ఉండేది నూటికి మూడు పాళ్ళ చుట్టుపక్కల. కుర్కుమిన్ నీలి వెలుగును బాగా పీల్చుకుంటుంది. ఇక్కడే దంత వైద్యులకు ఒక సౌకర్యం కలిసొచ్చింది. పళ్ళలో తెల్లని ఫిల్లింగ్‌ను గట్టిపరచడానికి వాళ్ళు వాడే చిన్న దీపం కూడా నీలిదే. ఆ నీలి వెలుగుతో కుర్కుమిన్‌ను రెచ్చగొట్టి క్యాండిడాను చంపవచ్చని ప్రయోగశాలల్లో పదేపదే తేలింది. ఈ పనిలో ముందున్నది బ్రెజిల్ దేశంలోని సావో పాలో రాష్ట్ర పరిశోధకులు.

పసుపుకూ వెలుగుకూ ఉన్న ఈ సంబంధం మన ఇళ్ళలో అందరూ చూసిందే. కొత్తబట్టకు అంచున పసుపు పెట్టే ఇల్లు మనది. తెల్లచీర మీద పడ్డ పసుపు మరక సబ్బుకు ఎర్రబడుతుంది కానీ పోదు. రెండు రోజులు ఎర్రటి ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. కుర్కుమిన్ వెలుగును పీల్చుకుని తానే విరిగిపోవడం వల్ల జరిగేది అది. చికిత్సలో కూడా ఇదే సమస్య. వెలుగు పడుతున్న కొద్దీ రంగు వెలిసిపోతుంది. పైగా కుర్కుమిన్ నీటిలో సరిగా కరగదు. అందుకే ప్రత్యేకంగా తయారుచేసిన ద్రవాన్నే వాడతారు. వంటింటి పసుపు నోట్లో పూసుకుని టార్చిలైటు వేసుకుంటే జరిగేదేమీ లేదు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పసుపు మీద ఇలాంటి వైద్య పరిశోధన మన దగ్గర కూడా జోరందుకోవాలని నా కోరిక.

వెలుగు, మందు కలిపి వాడటం మన వైద్యానికి కొత్త కాదు. బొల్లికి బావంచాలు పూసి ఎండలో కూర్చోబెట్టడం ఆయుర్వేదంలో చాలా పాత పద్ధతి. వాటిలోని సొరాలిన్ అనే పదార్థం ఎండతో కలిసి పనిచేస్తుందని ఆధునిక వైద్యం తర్వాత నిర్ధారించింది.

కట్టుడు పళ్ళ కింద

నోటి ఫంగస్ పదేపదే తిరిగొచ్చే చోటు పైదవడ కట్టుడు పళ్ళ సెట్టు కింది అంగిలి. చాలామందికి నొప్పి ఉండదు, తెల్లని పూతా ఉండదు, అంగిలి ఎర్రగా కందినట్టు మాత్రం ఉంటుంది. సెట్టు తయారుచేసే ఆక్రిలిక్ ప్లాస్టిక్‌లో కంటికి కనిపించని గుంటల్లో క్యాండిడా కాపురం పెడుతుంది. నోటికి ఎంత మందు పూసినా సెట్టులోంచి మళ్ళీ నోటికి అంటుతుంది.

బ్రెజిల్‌లో ఇలాంటి 40 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నిస్టాటిన్ అనే మందు, ఇంకో జట్టుకు వెలుగు చికిత్స ఇచ్చి పోల్చారు. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు, అటూ ఇటుగా సగం మందికి నయమైంది. వెలుగు వేసినప్పుడు అంగిలి మీదే కాక సెట్టు మీద కూడా వేశారు. ఆ తర్వాత చాలామందిలో జబ్బు తిరిగొచ్చింది, రెండు జట్లలోనూ. మందు మానేసి వెలుగుకు మారితే మాయమైపోతుందనే ఆశ నిలవదు. మందుకు లొంగని ఫంగస్ ఉన్నవాళ్ళకు, మాత్రలు పడని కాలేయ రోగులకు, ఇప్పటికే డజను మందులు మింగుతున్న వృద్ధులకు మాత్రం ఇది నిజంగా పనికొచ్చే దారి.

రాత్రిపూట సెట్టు తీసి, బ్రష్‌తో తోమి, డాక్టరు చెప్పిన ద్రావణంలో నానబెట్టడం ఏ లేజర్‌కూ తీసిపోదు. సెట్టుతోనే పడుకునే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. ఎవరైనా చూస్తారేమోననే మొహమాటం వాళ్ళది.

భీమవరం మనిషి పేరు పెట్టుకున్న ఫంగస్

భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అక్కడే ఆరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో బయటికొచ్చిన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. ఎన్నో రకాల బ్యాక్టీరియాను ఒకేసారి చంపగలదు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

ఇలాంటి బలమైన యాంటీబయాటిక్‌లు వాడకంలోకి వచ్చాక వైద్యులు ఒక కొత్త చిక్కు చూశారు. నోట్లోని మంచి బ్యాక్టీరియా చనిపోయి ఆ ఖాళీలో క్యాండిడా విజృంభిస్తోంది. దానికి మందు వెతుకుతూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు స్త్రీలు పరిశోధన చేశారు. ఒకరు న్యూయార్క్ నగరంలో, ఇంకొకరు ఆల్బనీలో. మట్టి నమూనాలను సీసాల్లో పెట్టి తపాలాలో పంపించుకునేవారు. వర్జీనియాలో స్నేహితుల డెయిరీ ఫారం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1950లో నిస్టాటిన్ ప్రకటించారు. పైన బ్రెజిల్ ప్రయోగంలో వెలుగుతో పోటీపడింది ఈ నిస్టాటినే. దాని మీద వచ్చిన రాయల్టీని ఇద్దరూ తమకోసం ఉంచుకోలేదు, శాస్త్ర పరిశోధనకే ఇచ్చేశారు. 1966లో ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని వరద ముంచినప్పుడు, బూజుపట్టిన చిత్రపటాలను కాపాడటానికి కూడా ఈ మందునే వాడారు.

1953లో శాస్త్రవేత్త హెసల్టైన్ తాను కొత్తగా గుర్తించిన ఒక ఫంగస్‌కు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు, మన సుబ్బారావు గౌరవార్థం. జీవించి ఉండగా తగిన గుర్తింపు దక్కని మనిషికి అందిన ఆ గౌరవం తెలుగు పాఠ్యపుస్తకాల్లో చోటు పొందాల్సింది.

నిలోఫర్ నీలి దీపాలు

ఏడో నిజాం కోడలు, ఒట్టోమన్ యువరాణి నిలోఫర్. తన దగ్గర పనిచేసిన అమ్మాయి ప్రసవంలో చనిపోవడం ఆమెను కలచివేసింది. 1953లో మొదలైన రెడ్‌హిల్స్ ఆసుపత్రి ఆమె పేరుతో నిలిచింది. పచ్చకామెర్లు వచ్చిన పసికందులను నీలి దీపాల కింద పడుకోబెట్టడం ఇలాంటి ప్రతి పిల్లల ఆసుపత్రిలో నిత్యం జరిగేదే. ఆ వైద్యానికి దారి చూపింది ఇంగ్లండ్‌లోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సు జీన్ వార్డ్. 1956లో ఆమె నెలలు నిండని పిల్లలను ఎండలో తిప్పి తెచ్చేది. ఎండ తగిలిన చోట చర్మం పసుపుదనం తగ్గిందని డాక్టర్లకు చూపించింది.

పసిపిల్లల నోటి పూతకు మాత్రం వెలుగు అక్కర్లేదు, చుక్కల మందు చాలు. తడిబట్టతో తుడిస్తే పోయేది పాల పూత. తుడిచినా సులువుగా పోకుండా, పోయిన చోట కింద ఎర్రగా కనిపిస్తే ఫంగస్ పూత. తల్లి చనుమొనలకు కూడా వైద్యం చేయకపోతే అది ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది.

రేడియేషన్ పుళ్ళు, ఎలుకల మీద మొలిచిన వెంట్రుకలు

ఎంఎన్‌జే అంటే మెహదీ నవాజ్ జంగ్. 1955 నాటి సంస్థ. ఆయనే 1960లో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరయ్యారు. గుట్కా, పొగాకు తెచ్చిపెట్టిన నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకునేవాళ్ళకు లాలాజలం ఎండిపోతుంది, నోరంతా పూస్తుంది. ఆ పుళ్ళలో క్యాండిడా చేరుతుంది. మంచినీళ్ళు మింగడం కూడా నరకంగా మారే దశ అది.

ఇక్కడ వాడే లేజర్ వేరే రకం. రంగు పూయరు, ఫంగస్‌ను చంపరు. తక్కువ శక్తి ఎర్రని లేజర్‌తో పుళ్ళు రాకుండా, వస్తే త్వరగా మానేలా చేస్తారు. దీని పేరు ఫోటోబయోమాడ్యులేషన్. 1967లో హంగరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ ఎలుకల్లో కంతులను లేజర్‌తో కాల్చాలని చూశాడు. ఆయన లేజర్‌కు అంత శక్తి లేదు. కంతులు పోలేదు కానీ గొరిగిన చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. అక్కడి నుంచి మొదలైన ఈ పద్ధతిని తల, మెడ భాగాలకు రేడియేషన్ తీసుకునేవాళ్ళలో నోటి పుళ్ళ నివారణకు అంతర్జాతీయ మార్గదర్శకాలు 2020లో సిఫారసు చేశాయి. నోటి వెలుగు చికిత్సలన్నిటిలో ఎక్కువ గట్టి ఆధారం ఉన్నది దీనికే.

కోసే లేజర్ మూడో రకం. ఎంత తుడిచినా పోని మందపాటి తెల్లమచ్చ బుగ్గ లోపల, పెదవి మూల దగ్గర్లో ఉంటే అది దీర్ఘకాలపు క్యాండిడా మచ్చ కావచ్చు, క్యాన్సర్‌గా మారే అవకాశమూ ఉంటుంది. ముందు ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ తర్వాతే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో తొలగించడం. పరీక్ష చేయకుండా కాల్చేస్తే అసలు జబ్బేమిటో తేల్చే ఆధారం పొగై పోతుంది. ఈ లేజర్‌ను 1964లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్.

నోరు పూస్తే బి కాంప్లెక్స్ ఒక్కటేనా?

1958లో కూనూరు నుంచి హైదరాబాద్‌కు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. రైబోఫ్లావిన్ అనే బి2 విటమిన్ లోపం మీద అక్కడ విస్తారంగా పరిశోధన జరిగింది. అది తగ్గితే పెదవుల మూలలు పగులుతాయి. ఆ పగుళ్ళకు క్యాండిడా కూడా కారణమవుతుంది, ఒక్కోసారి రెండూ కలుస్తాయి. బి కాంప్లెక్స్ మింగినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాల్సింది అందుకే.

రైబోఫ్లావిన్ కూడా వెలుగును పీల్చుకునే రంగు పదార్థమే. గాజు సీసాలో పాలు ఎండలో పెడితే అందులోని ఈ విటమిన్ పాడైపోతుంది. కంటి నల్లగుడ్డు పొరను గట్టిపరిచే చికిత్సలో రైబోఫ్లావిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి వేస్తారు.

కోఠీ నేర్పిన పాఠం

2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ రోగులకు కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రిని రాష్ట్రానికి నోడల్ కేంద్రం చేశారు. ఆంఫోటెరిసిన్ సూదుల కోసం కుటుంబాలు ఊరంతా తిరిగిన రోజులవి. ఆ జబ్బుకూ ఇక్కడ చెప్పుకుంటున్నదానికీ పేరులో తప్ప పోలిక లేదు. షుగరు ఉన్నవాళ్ళలో అంగిలి మీద నల్లమచ్చ, ఉన్నట్టుండి పళ్ళు కదలడం, బుగ్గ మొద్దుబారడం, కంటి చుట్టూ వాపు కనిపిస్తే లేజర్ సెంటర్‌కు కాదు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. దానికి ఆపరేషన్, సూదిమందులే దిక్కు.

నాంపల్లి గ్రౌండ్స్‌కు వచ్చేవారికి ఒక మాట

మృగశిర కార్తె రోజున చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు ఉబ్బస రోగులు వేలల్లో వస్తారు. వాళ్ళలో ఇన్‌హేలర్ వాడేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చిన తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయకపోతే మందు నోట్లోనే నిలిచి క్యాండిడాను పెంచుతుంది. ఫంగస్ వచ్చిందని ఇన్‌హేలర్ మానేయకూడదు. గుక్కెడు నీళ్ళతో పుక్కిలిస్తే చాలు.

నోటి పూత మూడోసారి తిరిగొస్తే మందు పేరు అడగకముందు కారణం అడగండి. షుగరు పరీక్ష చేయించండి, సెట్టు చూపించండి, ఇన్‌హేలర్ సంగతి చెప్పండి, రక్తపరీక్షకు, అందులో హెచ్‌ఐవీ పరీక్షకు కూడా సంకోచించకండి, పొగాకు వాడుతుంటే దాచకండి. ఎవరైనా లేజర్ వేస్తామంటే ఏ రకం లేజర్, ఎన్నిసార్లు, ఏ రంగు, ముందు ముక్క పరీక్ష చేశారా లేదా అని నిలదీసి అడగండి. కళ్ళకు రక్షణ అద్దాలు పెట్టకుండా లేజర్ ఆన్ చేయనివ్వకండి. ఈ రోజు ఇంటికి వెళ్ళగానే, సెట్టు పెట్టుకునే పెద్దవాళ్ళుంటే రాత్రికి దాన్ని తీయించి, మంచినీళ్ళ గిన్నె మీరే అందించండి.